అవ్వ కూర్చున్న మూల మట్టి

బాపు సంవత్సరీకం అయిపోయాక కరీంనగర్ ఇల్లు అమ్మకానికి పెట్టాం. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ గోడలు తట్టారు, దూలాలు గీకి చెద పట్టిందేమో చూశారు, పక్కింటివాళ్ళు తగువుల మనుషులా అని అడిగారు. ఒక్కడు మాత్రం ఇల్లు అక్కర్లేదన్నాడు, నేల కావాలన్నాడు. పేరు యాకూబ్. నిర్మల్ నుంచి బస్సులో వచ్చాడట. భుజాన గోనెసంచి, చేతిలో పొట్టి పార. గడప తొక్కకుండా బయటే నిలబడి, "సలాం అమ్మా, వెండిపని వీరాచారి ఇల్లు గిదేనా? అమ్ముతున్నరని విన్న. మట్టి ఇంకెవలకన్న మాటిచ్చిన్రా?" అన్నాడు. మా తమ్ముడు పకపకా నవ్వాడు. వాడు బ్యాంకు ఉద్యోగి, వాడికి నేల అంటే నేలే. నాకు నవ్వు రాలేదు. వెండిపని చేసిన ఇంటి నేలలో ఏం ఇంకి ఉంటుందో, దాన్ని బయటికి ఎలా లాగుతారో, లాగేటప్పుడు ఇంకా ఏమేం పోతాయో నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు కళ్ళతో చూసినదాన్ని, తర్వాత కాలేజీలో చదువుకున్నదాన్ని, ఇప్పుడు అదే పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నదాన్ని.

బాపుది వెండి తీగపని. వెంట్రుకంత సన్నగా తీసిన వెండి తీగను మెలిపెట్టి, చుట్టలు చుట్టి, అత్తరుదాన్లు, పాన్‌దాన్లు, పన్నీరు బుడ్లు చేసేవాడు. ఇప్పుడు సర్కారు దుకాణాల్లో అద్దాల వెనక పెట్టి 'ప్రాచీన కళ' అని చీటీ అంటిస్తున్నారు చూడండి, అదే. కళ సంగతి తర్వాత చెబుతాను, ముందు చీపురు సంగతి చెప్పాలి. మా ఇంట్లో చీపురు బయటికి ఊడ్చేది కాదు, లోపలికి ఊడ్చేది. వాకిలి నుంచి మొదలుపెట్టి వెనక అర్ర దాకా ఊడ్చుకుంటూ పోయి అక్కడ కుండలో ఎత్తేవాళ్ళం. ఎవరింట్లోనైనా బయటినుంచి వస్తే కాళ్ళు కడుక్కుంటారు. మా ఇంట్లో బయటికి పోవాలంటే కడుక్కోవాలి. బడికి బయలుదేరినప్పుడల్లా బాపు కూర్చున్నచోటు నుంచే "కాళ్ళు కడిగినవా?" అని కేకేసేవాడు. కడిగితే ఆ నీళ్ళు గంగాళంలోకే. బాపు తల దువ్వుకుంటే కింద గుడ్డ పరిచి దువ్వుకునేవాడు. ఆయన పంచె వేరే తొట్టిలో ఉతికేవాళ్ళం, ఆ నీళ్ళూ గంగాళంలోకే. తీగ కోసినప్పుడు, ఆకురాయి పెట్టినప్పుడు రాలే పొడి కంటికి కనబడదు. కనబడదు కాబట్టే అంత కాపలా.

నవాబుల పెద్ద పెద్ద దేవిడీలు ఉన్నన్నాళ్ళు ఆ కుండ, ఆ గంగాళం ఏడాదికి ఒకసారి తీసే పండగ సరుకు. నాకు బుద్ధి తెలిసేసరికి దేవిడీల కాలం అయిపోయింది. నిజాం పోయాడు, జాగీర్లు పోయాయి, అత్తరు పూసుకునే చేతులు కోర్టు కచేరీల చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. పోవలసిందే పోయింది, దానికి నేనేం ఏడవను. కానీ పాన్‌దాన్ అడిగేవాళ్ళు లేక బాపు చేతులు ఖాళీగా ఉండేవి. దాంతో ఇంట్లో అందరి చూపూ నేలమీద పడింది. ఏడాదికోసారి చేసే పని కారు కారుకూ, తర్వాత్తర్వాత నెల తిరక్కుండానే చెయ్యాల్సి వచ్చింది. తోటి పనివాళ్ళ ఇళ్ళ ఊడ్పు మట్టి కూడా బాపు తెచ్చేవాడు. తెచ్చేది బాపు. చేసేది అవ్వ, మా అమ్మ. ఎందుకంటే అది కడుగుడు పని, కడుగుడు ఆడవాళ్ళది.

ఆ పని ఇలా ఉండేది. ఊడ్పు మట్టిని ముందు కాల్చి బూడిద చేసేది, దారాలూ వెంట్రుకలూ మైనమూ పోవాలని. సూదంటు రాయి తిప్పి ఇనుప రజను తీసేది. వెడల్పాటి తట్టలో నీళ్ళు పోసి ఊపుతూ తేలిక మట్టిని పారబోసేది. మిగిలిన నల్లటి బరువు మట్టిని పింగాణీ జాడీలో వేసి తేజాబు, అంటే నత్రికామ్లం, పోసేది. కుంపటి మీద మూకుడు, మూకుట్లో ఇసుక, ఇసుకలో జాడీ. నేరుగా నిప్పు తగిలితే జాడీ పగులుతుంది. వేడెక్కగానే జాడీ గరగరమని పొంగేది, దాని మూతినుంచి ఇటుకరంగు పొగ లేచేది. వెండి కరిగి నీళ్ళలోకి దిగిపోయేది. మట్టి దిగదు, అడుగునే ఉంటుంది. ఆ తేట నీళ్ళను జాగ్రత్తగా వంచి, గుడ్డలో వడగట్టి, వాననీళ్ళు కలిపి, అందులో ఒక రాగిరేకు వేలాడదీసేది. వాననీళ్ళే ఎందుకంటే మా బావినీళ్ళు ఉప్పన. ఉప్పు తగిలితే వెండినీళ్ళు పాలు విరిగినట్టు విరుగుతాయి, వెండి తెల్లటి ముద్దయి రేకుకు అందకుండా పోతుంది. మొదటి వాన పడగానే ఇళ్ళలో పిల్లలు ఎగిరి గంతులేస్తారు, మా అవ్వ చూరు కింద కుండలు పెట్టుకుంటూ పరుగెత్తేది.

రేకు దించిన కాసేపటికి దాని ఒంటిమీద బూడిదరంగు బూజు పట్టేది, బూజు పెరిగి నాచులా అయ్యేది, నీళ్ళు మెల్లగా నీలమయ్యేవి. నేను ముక్కు ఆనించి చూస్తుంటే అవ్వ చెప్పేది: "రాగికి నీళ్ళంటె ఆశ ఎక్కువ బిడ్డ. అది నీళ్ళల్లకు దిగుతది. దిగుకుంట వెండిని బయటికి తోస్తది." చివర్లో ఒక చుక్క నీళ్ళు తీసి దాంట్లో ఉప్పురవ్వ వేసేది. చుక్క తెల్లబడితే వెండి ఇంకా ఉన్నట్టు, తెల్లబడకపోతే అయిపోయినట్టు. ఆ బూజు దులిపి, కడిగి, ఆరబెట్టి, వెలిగారం చల్లి మూసలో కరిగిస్తే పూస. ఇదంతా నాకు బీఎస్సీలో మళ్ళీ చెప్పారు. కొత్తగా నేర్చుకున్నది పేర్లు మాత్రమే. మా పుస్తకంలో 'ఈ చర్యలో గోధుమరంగు వాయువు వెలువడును' అని ఉండేది. ఎవరి మీదికి వెలువడునో ఉండేది కాదు.

అవ్వ మీదికే వెలువడేది, వెనక అర్రలో, తలుపులు మూసి. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి. మధ్యాహ్నం, వాడకట్టంతా ఒక కునుకు తీసే వేళ చూసి చేసేవాళ్ళు. ఆ పూట బాపు దుకాణం కట్టేసి, తెల్లటి అంగీ తొడుక్కుని బజారుకు పోయి నలుగురి కళ్ళకూ కనబడేలా చాయ్ దుకాణంలో కూర్చునేవాడు. తమ్ముణ్ని ఎవరింటికో పంపేవాళ్ళు. నన్ను వీధి తలుపు దగ్గర, లోపలివైపు గొళ్ళెం పెట్టి కూర్చోబెట్టేవాళ్ళు. ఎవరైనా తట్టితే నేను చెప్పవలసిన మాట ఒక్కటే. "ఇంట్ల ఎవ్వరు లేరు." ఒకసారి తట్టినామె, "ఎవ్వరు లేకపోతె మాట్లాడేది ఎవలే, దయ్యమా?" అంది. నాకు నవ్వొచ్చి నోరు మూసుకున్నాను. వెనక అర్రలో అవ్వ దగ్గొచ్చి నోరు మూసుకుంది.

ఇంత దాపరికం దేనికంటే, దొంగతనం చేసి కాదు, చేశామంటారని. వెండిపని ఇంట్లో తేజాబు వాసన వచ్చిందంటే గిరాకీకి ఒకటే అనుమానం: మేమిచ్చిన నగను తేజాబులో ముంచి పైపొర కాజేస్తున్నాడు అని. అలా చేసేవాళ్ళూ లేకపోలేదు. బాపు పెళ్ళికి ముందు, తాత బతికున్న రోజుల్లో, ఒకామె ఆ వాసన పట్టుకుని వాకిట్లో నిలబడి తన పట్టగొలుసులు పలచబడ్డాయని దోసిలితో మన్ను ఎత్తిపోసి తిట్టిందట. తూచి చూపించినా నమ్మలేదట. తాత ఆ తర్వాత వాడకట్టులో తల ఎత్తి నడవలేదని బాపు చెప్పేవాడు. అందుకని బాపును నేను రాక్షసుడని అనను. తన నేలమీది తన వెండిని తానే దొంగలా ఏరుకోవలసిన మనిషి. కానీ పొగ పీల్చింది ఆయన కాదు. అది కూడా అంటాను.

అవ్వ చేతులు ఎప్పుడూ రెండు రంగుల్లో ఉండేవి. తేజాబు తగిలినచోట పసుపు, వెండినీళ్ళు తగిలినచోట నలుపు. రెండూ కడిగితే పోయేవి కావు. పసుపుమచ్చలు చూసి పసుపే అనుకునేవాళ్ళు. నలుపుకు మాత్రం సాకు దొరికేది కాదు. ఒక పెళ్ళిలో వడ్డిస్తుంటే మందమర్రి నుంచి వచ్చిన మా దూరపు అత్త, "ఏం నర్సవ్వా, మా ఆయన బొగ్గుబాయిల దిగుతడు, నువ్వే బాయిల దిగుతున్నవే?" అంది. బంతి అంతా నవ్వారు. అవ్వ కూడా నవ్వి, కొంగు కింద చెయ్యి దాచుకుని ఎడమచేత్తో గరిట పట్టుకుంది. ఎడమచేత్తో వడ్డిస్తావా అని మళ్ళీ దానికి దెప్పారు.

అవ్వకు అలుకు పిచ్చి అని ఇంట్లో అనేవాళ్ళం. ఇల్లంతా వారానికోసారి అలికితే, వెనక అర్రలో తాను కూర్చునే మూలను మాత్రం ఎప్పుడంటే అప్పుడు పేడా మట్టీ కలిపి అలికేది. జాడీ పని అయిన రోజయితే తప్పకుండా అలికేది, ఒళ్ళు తూలుతున్నా సరే. "గంత సక్కదనమేందే గా మూలకు, దేవుని గద్దెనా?" అనేవాడు బాపు. నిజంగానే ఆ మూల మిగతా నేలకన్నా గద్దెలా కొంచెం ఎత్తయింది. నేను ఆ ఎత్తుమీద కూర్చుని ఎక్కాలు చదువుకునేదాన్ని. ఆ ఎత్తు ఎందుకొచ్చిందని నాకెప్పుడూ తోచలేదు. ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని వాదించే నోరు నాది, దానికి మాత్రం తోచలేదు.

నేను పైతరగతులకు వచ్చేసరికి అవ్వ దగ్గు ముదిరింది. ఒకరోజు బాపు నా చేతులు పట్టుకుని తిప్పి చూసి, "పిల్ల చేతులు మంచి నిలకడున్నయి. జాడీ పని దీనికి నేర్పు నర్సవ్వా. సదువు సదివి ఏం జేస్తది, రేపు వెండిపని ఇంటికే పొయ్యేది గద" అన్నాడు. అవ్వ పొయ్యిలో కట్టె సర్దుతూ, "దానికి గా వాసన పడది. కక్కుతది" అంది. నేనెప్పుడూ కక్కలేదు. కక్కలేదని చెప్పబోయాను కూడా. అవ్వ నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

వెండి తక్కువ రావడం ఆ రోజుల్లోనే మొదలైంది. బాపు మట్టిని చేత్తో ఎత్తి చూసి ఎంత వస్తుందో అంచనా కట్టేవాడు. ఆ అంచనాకు పూస తూగలేదు. మొదటిసారి, మట్టిలో లేదేమో అనుకున్నాడు. తర్వాత అలా అనుకోలేదు. ఆ వేళకు మెట్‌పల్లి నుంచి అవ్వ తమ్ముడు లింగం మామ వచ్చి ఉన్నాడు. పసుపు తవ్విన రోజుల్లో అక్కకు పసుపుకొమ్ములు తెచ్చేవాడు, రెండు పూటలుండి పోయేవాడు. నాకు మామంటే ప్రాణం. మా ఇంట్లో గట్టిగా నవ్వే మనిషి ఆయనొక్కడే. ఆ పొద్దున బయలుదేరుతున్నాడు, గంగాళంలో కాళ్ళు కడుక్కుని సద్దిమూట భుజాన వేసుకున్నాడు. బాపు తక్కెడ ముందునుంచి లేవకుండానే పిలిచాడు.

"లింగం, మూట జర విప్పు."

"ఎందుకు బావా?"

"విప్పుమంటున్న గద."

మామ బాపు వైపు చూశాడు, తక్కెడలో పూస వైపు చూశాడు. అర్థమైంది. మూట విప్పి నేలమీద దులిపాడు. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు గిన్నె, రెండు ఉల్లిగడ్డలు. పులుసు నేలమీద పారింది. "చూస్కో బావా. రొట్టెలు ఇరిచి చూస్కో."

"మూటలనే ఉండాల్నని ఏమున్నది" అన్నాడు బాపు మెల్లగా.

"అక్కా, నువ్వొక్క మాట అను" అన్నాడు మామ. ఆయన గొంతు అలా పిల్లవాడిలా అయిపోవడం నేనెప్పుడూ వినలేదు. "లేదు అని ఒక్కమాట అను, పోత."

అవ్వ అనలేదు. నేల చూస్తూ నిలబడింది. నేనే అరిచాను: "మామ ఎందుకు తీస్తడు బాపూ? వెండి నీళ్ళల్లనే ఉన్నదేమో, ఉప్పేసి చూసినవా?" బాపు నన్ను కొట్టలేదు, అసలు చూడనే లేదు. మామ రొట్టెలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. "ఇగ నీ తమ్ముడు గీ గడప తొక్కొద్దు" అన్నాడు బాపు. అవ్వ వంగి రొట్టెలు ఏరింది, పులుసు పారినచోట గుడ్డతో అద్ది, ఆ గుడ్డను గంగాళంలోనే పిండింది. అలవాటు.

ఆ తర్వాత వెండి సరిపోయింది. అదీ ఘోరం. మామ రావడం మానేశాడు, పూసలు బాపు అంచనాకు తూగాయి. "చూసినవా?" అన్నాడు బాపు ఒకసారి, తక్కెడ అవ్వకు చూపిస్తూ. ఆ ఒక్క మాటే. అవ్వ మీద నాకు కోపం వచ్చింది. మామను కాపాడటానికి నోరు విప్పలేదు కాబట్టి నిజంగానే ఏదో ఉందని నేనూ లోపల అనుకున్నాను. ఆ రోజుల్లోనే అవ్వ కాళ్ళకు వెండి కడియాలు లేకపోవడం చూశాను. ఏవవ్వా అంటే, "కాళ్ళు ఉబ్బుతున్నయి బిడ్డ, పడ్తలెవ్వు, తీసి పెట్టిన" అంది. కాళ్ళు నిజంగానే ఉబ్బి ఉన్నాయి. అడగడానికి ఇంకేముంటుంది?

నన్ను హైదరాబాదు కాలేజీకి పంపించడానికి అవ్వ ఒక్కతే బాపుతో పోరాడింది. అరవలేదు, ఏడవలేదు, అన్నం ముట్టలేదు, అంతే. నేను రసాయన శాస్త్రం తీసుకున్నాను. అక్కడి ప్రయోగశాలలో తేజాబు పని చెయ్యాలంటే అద్దాల అల్మారాలాంటి దాంట్లో, చిమ్నీ కింద చెయ్యాలి. మా మేడమ్ ఆ ఇటుకరంగు పొగను దూరం నుంచి చూపించి, ఇది ఊపిరితిత్తుల్లో నీళ్ళు తగిలి మళ్ళీ తేజాబే అవుతుంది, ఒక్క గుక్క కూడా పీల్చకూడదు అన్నారు. నేను ఆ అద్దం ముందు నిలబడి వెనక అర్రను చూశాను. సెలవులకు ఇంటికి రాగానే సంచి కింద పెట్టకుండానే జగడం మొదలుపెట్టాను.

"బాపూ, ఆ పొగ విషం. నేను సదివిన. తలుపులు తెరిచి చెయ్యుండ్రి, వాకిట్ల చెయ్యుండ్రి."

"నువ్వు సదివిన పుస్తకంల మన వాడకట్టు ఉన్నదా?"

"వాడకట్టు లేదు. అవ్వ ఊపిరితిత్తులున్నయి."

"నాకు సదువు నేర్పకు. ఒక్కసారి వాసన బయటికి పోయిందంటె నా దుకాణం మూత. నీ ఫీజు నీ మేడమ్ కడ్తదా?"

నేను వెళ్ళి వెనక అర్ర కిటికీ సందుల్లోని గుడ్డలు పీకేశాను. అవ్వ నా వెనకే వచ్చి ఒక్కొక్కటీ మళ్ళీ కుక్కింది. మధ్యలో దగ్గు ఆగక గోడకు ఆనుకుని నిలబడింది. ఊపిరి అందాక అంది: "తలుపు తీస్తె మీ బాపు పేరు పోతది. మూస్తె నా ఊపిరి పోతది. పేరు ఇంటిల్లిపాదిది. ఊపిరి నా ఒక్కదానిదే గద, నా ఇష్టం." అది తప్పు వాదమని తెలుసు. ఎక్కడ తప్పో ఈనాటికీ వెతుకుతున్నాను.

నా చివరి పరీక్షల ముందే అవ్వ పోయింది. దవాఖానాలో క్షయ అన్నారు. క్షయ కాదని నేను డాక్టరుతో వాదించాను, వార్డులో అందరూ నన్ను వింతగా చూశారు. క్షయ అన్నాక వాడకట్టులో ఎవరూ దగ్గరికి రాలేదు, కంచం గ్లాసు వేరు పెట్టారు. తేజాబు వాసన దాచడానికి ప్రాణం ఇచ్చిన మనిషికి చివరికి అంటురోగం పేరు మిగిలింది. లింగం మామ చావుకు వచ్చి వీధి అవతల వేపచెట్టు కింద నిలబడ్డాడు. గడప తొక్కలేదు. బాపు రమ్మనలేదు. నేను కూడా రమ్మనలేదు.

ఇవన్నీ కడుపులో పెట్టుకునే యాకూబ్‌ను లోపలికి రానిచ్చాను. ముందు బాపు కూర్చున్న చోట తవ్వాడు, తర్వాత గడప దగ్గర. ఒక్కోచోటి మట్టిని వేరే సంచిలో కట్టుకున్నాడు. వెనక అర్రకు పోయి ఆ ఎత్తు మూలలో పార దించి ఆగిపోయాడు. "అమ్మా, జర ఇటు రాండ్రి" అన్నాడు. పార దిగినచోట మట్టి నిలువుగా తెగి ఉంది, పొరలు పొరలుగా. ఒక అలుకు, దానిమీద నల్లటి చార, మళ్ళీ అలుకు, మళ్ళీ చార. కింది చారలు వెంట్రుకల్లా సన్నగా, పైకి వచ్చేకొద్దీ వేలంత మందంగా. "గీ మూలల ఉన్నంత మాల్ ఇల్లంతట లేదు. ఈడ ఎవలు కూసుంటుండిరి?" అన్నాడు. వెండినీళ్ళు పేడ అలుకు మీద ఒలికితే నల్లబడి అక్కడే ఉండిపోతాయి. నా క్లాసు పిల్లలకు ఏటా చెప్పేదే. దగ్గు తెర వచ్చినప్పుడల్లా అవ్వ చేతిలో జాడీ ఒరిగింది. ఒరిగినచోట నలుపు కనబడకుండా అవ్వ అలికింది. బాపు తక్కెడలో తక్కువైన వెండి నేను ఎక్కాలు చదివిన ఆ ఎత్తుకింద ఉంది.

యాకూబ్ ఆ మట్టిని మా పెరట్లోనే, గాలికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, ఆకాశం కింద కడిగి తేజాబు పోశాడు. "పొగకు ఫికర్ జెయ్యకున్రి, గాలి తీస్కపోతది" అని నాకే చెప్పాడు. రాగిరేకు దించాడు. బూజు పట్టింది. మూల మట్టిలోంచి వచ్చిన పూసను నేనే ఉంచుకున్నాను, మిగతాదంతా యాకూబ్‌ను తీసుకుపొమ్మన్నాను. తమ్ముడికి అది అన్యాయం బేరంగా కనబడింది. కనబడనీ.

పూస కొంగున కట్టుకుని మెట్‌పల్లి బస్సెక్కాను. లింగం మామ పసుపు ఆరబోసిన వాకిట్లో మంచం మీద ఉన్నాడు. కళ్ళు ఆనడం లేదు. "ఎవలు? శకుంతలవా? నీ మాటకు పదును తగ్గలేదు గని, నడక మీ అవ్వదే వచ్చింది" అన్నాడు. పూస ఆయన చేతిలో పెట్టి, పొరల సంగతి చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు. పూసను బొటనవేలితో చాలాసేపు రుద్దాడు.

"గివి మా అవ్వ మీ అవ్వకు పెట్టిన కడియాలు బిడ్డ."

"కడియాలేంది మామా? ఇది ఒలికిన వెండి."

"ఒలికినకాడికి కడియాలు కత్తిరించి జాడీల ఏసింది గద. ముక్క ముక్క. నన్ను గడప తొక్కొద్దన్నంక ఒకపారి కొండగట్టు గుడికి వచ్చింది, ఆడ చెప్పింది. 'లింగం, నా చెయ్యి ఆగుతలేదురా. దగ్గొస్తె జాడీ ఒరుగుతున్నది. ఒలికిందని చెప్తె మీ బావ రేపే జాడీ పిల్ల చేతికిస్తడు. దొంగవు కమ్మంటున్న, కోపం జెయ్యకు' అన్నది. ఎవలకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది. నీ మీద."

నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చిపోయిన మనిషి మీద, మంచం మీది ముసలాయన మీద అరిచాను. "నా మీద ఒట్టేంది? నన్ను అడిగిన్రా ఎవరన్న? నాకు తెలిస్తె ఆ జాడీ బండకేసి పగలగొట్టేదాన్ని."

"అందుకే చెప్పలే" అన్నాడు మామ.

పూస ఆయననే ఉంచుకోమన్నాను. నా అరచేయి వెతుక్కుని తిరిగి పెట్టేశాడు. "అప్పుడు తీస్కపోయినన్నరు. ఇప్పుడు తీస్కుంటె అది నిజమైతది."

నీళ్ళలోకి దిగిన వెండికి ముఖం ఉండదు. ఏది బాపు తీగ, ఏది అవ్వ కడియం, ఏ ఉప్పురవ్వా చెప్పలేదు. అవ్వ చెప్పగలిగేది, చెప్పలేదు. ఆ మూసుకున్న నోటికి బదులు నాకు డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఏటా ఆడపిల్లల ముందు గాజుగ్లాసులో రాగితీగ వేలాడదీసి, వెండి మొలుస్తుంటే వాళ్ళు చప్పట్లు కొడుతుంటే, కిటికీలు తెరవండి, అన్నీ తెరవండి అని అరిచే హక్కు వచ్చింది. గాజుగ్లాసులో పోసేది ముందే కరిగించి తెచ్చిన వెండి లవణం. దాంట్లో పొగే ఉండదు. పిల్లలు నన్ను చాదస్తం మేడమ్ అంటారని తెలుసు. అప్పటికీ ఇప్పటికీ ఎంత మార్పు అని సభల్లో మాట్లాడతారు. మార్పు ఉంది. అప్పుడు ఆ పొగ పేరు మాకు తెలియదు, ఇప్పుడు నాకు తెలుసు.

ఇంటి తాళాలు కొన్నవాళ్ళకు ఇచ్చేసిన రోజు మధ్యాహ్నం మా వాడకట్టు గుండా నడిచి వస్తున్నాను. ఎండ, ఎవరూ లేరు. చివరింటికి రాగానే ముక్కుకు తగిలింది. ఎంత సన్నగా తగిలినా ఆ వాసనను నేను పొరబడను. వీధి తలుపు మూసి ఉంది, కిటికీ సందుల్లో గుడ్డలు. సర్కారు దుకాణానికి తీగపని చేసే ఇల్లే అది. లోపల ఎవరో దగ్గును మింగుతున్నారు. తలుపు తట్టాను. దగ్గు ఆగింది. మళ్ళీ తట్టాను, "తలుపు తీయమ్మా, ఆ పొగ మంచిది కాదు, నేను వీరాచారి బిడ్డను" అన్నాను. తలుపు వెనకనుంచి ఒక ఆడగొంతు, ఊపిరి కూడదీసుకుని జవాబు చెప్పింది.

"ఇంట్ల ఎవ్వరు లేరు."